మొక్కు జుట్టు

పిచ్చివాళ్ళను ఎలా పట్టుకోవాలో నాకు నేర్పిన మనిషంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మంటే. ఆవిడ పోయిందని ఎవరో చెప్పినప్పుడు, పోయినవాళ్ళ గురించి ఒక మంచి మాట అనాలి కదా అని కాసేపు వెతుక్కున్నాను. దొరకలేదు. చేతిలో ఉన్న కాఫీ చల్లారిపోతోందని తాగేశాను.

డెబ్భైలలో సంగతి. నేను ఇంటర్ తప్పాను. నర్సు ట్రైనింగుకి పెట్టుకున్న దరఖాస్తు పనికిరాకుండా పోయింది. మాది గుణదల, మాత కొండ కిందే ఇల్లు. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మా అమ్మకి ఊపిరాడేది కాదు. ఆ రోజుల్లోనే పటమటలో ఒక డాక్టరుగారు మానసిక రోగులకని నర్సింగ్ హోమ్ తెరిచారు. ఎవరో ఆసామి కట్టుకున్న మేడని అద్దెకి తీసుకుని, కిటికీలకి అదనంగా ఇనప చువ్వలు బిగించి, ప్రహరీ మీద గాజు పెంకులు గుచ్చి, గేటుకి మాత్రం చక్కగా ఆకుపచ్చ రంగు వేయించారు. ఆడవార్డుకి అటెండెంట్లు కావాలనీ, వాళ్ళే పని నేర్పిస్తారనీ, బాగా నేర్చుకున్నవాళ్ళకి సర్టిఫికెట్టిచ్చి ఉద్యోగంలో ఉంచుకుంటారనీ మా చర్చిలో ఒకావిడ చెబితే వెళ్ళాను.

ఆడవార్డంతా పెద్ద సిస్టరు చేతిలో ఉండేది. బందరు వైపు మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చీర, నడుముకి తాళాల గుత్తి. నవ్వడం అనేది డ్యూటీలో లేని పని అన్నట్టు ఉండేది. నా వివరాలు అడిగింది. గుణదల అని చెప్పగానే మూతి ఒక పక్కకి పోయింది.

"అంటే కొండెక్కి బొమ్మకి దణ్ణాలు పెట్టే బాపతా?"

ఆవిడ కూడా క్రైస్తవురాలే. కానీ వాళ్ళ చర్చిలో మాతకి మొక్కడం లేదు. లేకపోతే లేదు, మా ఇంటికొచ్చి మా కొవ్వొత్తులు లెక్కపెట్టమని ఎవరడిగారు? ఆ మాట పైకి అనలేదు గానీ, నా మొహం అనే ఉంటుంది. మొదటి రోజునే మా ఇద్దరికీ చెడింది.

పని మాత్రం వచ్చు ఆవిడకి. కాదనను. మనిషి కొట్టడానికి వస్తే ఎదురు నిలబడకూడదు, పక్కకి జరిగి మణికట్టు పైన పట్టుకోవాలి, గోళ్ళు దిగకుండా పట్టుకోవాలి. మాత్ర వేశాక నోరు తెరిపించి నాలుక ఎత్తించి చూడాలి, బుగ్గ లోపల వేలు పెట్టి చూడాలి. కరెంటు షాకు పెట్టే రోజున పళ్ళ మధ్య రబ్బరు ముక్క పెట్టి, భుజాలు అదిమి పట్టుకోవాలి, మనిషి ఎగిరిపడుతున్నా మన చేతులు వణకకూడదు. తలుపు తీస్తే వేసి, వేసిన తలుపుని లాగి చూసుకోవాలి. ఇవన్నీ నేను త్వరగానే నేర్చుకున్నాను. మొదట్లో రాత్రి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే వేళ్ళకి ఎవరిదో ఎంగిలి వాసన వచ్చేది. తర్వాత అలవాటయింది.

ఆవిడ నేర్పిన వాటిలో నాకు ఎక్కనిది ఒక్కటే. రోజూ పొద్దున్నే వార్డు గుమ్మంలో నిలబెట్టి చెప్పించేది.

"వాళ్ళు చెప్పేది వినకు. చేసేది చూడు. విన్నావంటే నిన్ను తిప్పుతారు. అమ్మ చచ్చిపోయిందంటారు, ఇంటికి పంపమంటారు, నాకు పిచ్చి లేదంటారు. అందరూ అదే అంటారు. ఏం చెయ్యాలి?"

"వినకూడదు, సిస్టర్."

అనేదాన్ని. కానీ వినేదాన్ని. చెవులకి తాళం వెయ్యడం ఆవిడ నాకు నేర్పలేకపోయింది.

కొల్లేటి ఆవిడ వచ్చింది వానాకాలం వెళ్ళాక. కైకలూరు అవతల లంక ఊరు వాళ్ళది, చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. మొగుడూ బావగారూ కలిసి చేతులు తువ్వాలుతో కట్టి బస్సులో తీసుకొచ్చారు. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకి నిద్ర పట్టడం మానేసిందట. పగలూ రాత్రీ తిరుగుతుందట, నీళ్ళలోకి దిగి నిలబడి ఎవరితోనో మాట్లాడుతుందట, పిల్లాడికి పాలివ్వమంటే వాడి మొహం కేసి చూసి కెవ్వుమంటుందట. మనిషి సన్నగా, నల్లగా, కళ్ళు లోపలికి పోయి ఉంది. నాకంటే కొంచెం పెద్దది, అంతే. కానీ జుట్టుంది చూశారూ, మోకాళ్ళు దాటింది. చిక్కుపడి, నూనె ఓడుతూ, బండెడు జుట్టు.

మొగుడు డాక్టరుగారికని గోనెసంచిలో తడిగుడ్డల మధ్య కొర్రమేనులు పట్టుకొచ్చాడు, బతికున్నవి. వాటిని మాత్రం ఎంతో మర్యాదగా లోపలికి తీసుకెళ్ళారు.

నిద్రమాత్రలు పడ్డాయి, కరెంటు పెట్టారు. అరుపులు తగ్గాయి. మందు పని చెయ్యలేదని అబద్ధం చెప్పను, రాత్రిళ్ళు పడుకోవడం మొదలెట్టింది. కానీ కత్తెర కనిపిస్తే చాలు, పులి అయిపోయేది. మా వార్డులో చేరిన ఆడవాళ్ళందరికీ చెవుల దాకా జుట్టు కత్తిరించడం రూలు. పేలు అనేవారు. పేలూ నిజమే, కానీ అసలు సంగతి, దువ్వే పని తప్పుతుంది. మొదటి రోజున ఒక ఆయా కత్తెర పట్టుకుని వెళితే ఈవిడ దాని ముంజేయి కొరికి రక్తం కళ్ళజూసింది. రెండోసారి మంచం కింద దూరి, జుట్టంతా పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకుంది. పెద్ద సిస్టరు నన్ను పిలిచింది.

"దాని జుట్టు నువ్వు తియ్యాలి. అదే నీకు పరీక్ష. తీస్తే సర్టిఫికెట్టు గురించి డాక్టరుగారితో మాట్లాడతాను."

నేను వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. కత్తెర తీసుకెళ్ళలేదు.

"ఎందుకక్కా, అంత గొడవ? జుట్టేగా, మళ్ళీ పెరుగుద్ది."

చాలాసేపటికి మంచం కింద నుంచి మాట వచ్చింది.

"ఇది నాది కాదమ్మాయ్. మొక్కు జుట్టు."

అంతకుముందు పుట్టిన బిడ్డలు ఇద్దరూ దక్కలేదట. వీడు కడుపులో ఉండగా ఎవరో చెబితే గుణదల మాతకి మొక్కుకుంది. వాళ్ళు హిందువులే, కానీ మా కొండకి రాని ఊరేది, రాని కులమేది? వీడు బతికి, నిలబడి అడుగులు వేసిన రోజున కొండకొచ్చి తలనీలాలు ఇస్తాననీ, అప్పటిదాకా కత్తెర తగలనివ్వననీ మొక్కు. ఇప్పుడు కత్తెర తగిలితే మొక్కు తప్పుతుంది. మొక్కు తప్పితే పిల్లాడు.

ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు నాకు. మా ఇంటి ముందు నుంచి ఏటా ఎంతమంది ఆ కొండ మెట్లెక్కడం చూశాను, జుట్టు ముడి వేసుకుని వెళ్ళి బోడితలలతో దిగడం చూశాను! ఇందులో పిచ్చి ఏమీ లేదు. ఆవిడ మాట్లాడిన మాటలన్నిటిలో తెలివైన మాట అది.

వెళ్ళి పెద్ద సిస్టరుకి చెప్పాను. మొక్కు సంగతి మొత్తం చెప్పాను, పిల్లాడు అడుగులు వెయ్యడం గురించి కూడా. చెబితే మనిషిగా అర్థం చేసుకుంటుందని నా ఆశ.

"విన్నావా?" అంది. "వినొద్దని రోజూ మొత్తుకుంటున్నానా? కొండవాళ్ళంతా ఒకటే. అది చెప్పడం, నువ్వు నమ్మడం!"

డాక్టరుగారి గదికి వెళ్ళాను. ఆయన సిగరెట్టు కాలుస్తూ పేపరు చదువుతున్నారు.

"జుట్టు సంగతులు సిస్టరుగారు చూసుకుంటారమ్మా," అని పేజీ తిప్పారు.

ఆ వారమే మొగుడు వచ్చాడు, మళ్ళీ చేపలతో. వరండాలో పట్టుకుని బతిమాలాను. మొక్కు సంగతి మీకు తెలుసుగా, మీరొక్క మాట అంటే చాలు, మీ మనిషి జుట్టు వదిలేస్తారు అని. అతనికి తెలుసు. కొండకి మొక్కు కట్టిన రోజున పక్కన ఉన్నవాడే. నా మొహం చూశాడు, డాక్టరుగారి గది తలుపు చూశాడు, భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"పెద్దోళ్ళు, ఆరెట్టా చెబితే అట్టా కానియ్యండమ్మా. మనకేం తెలుసుద్దండీ?"

ఆ నీళ్ళు నమిలే మనిషిని అక్కడే నాలుగు తన్నాలనిపించింది. చేప తెచ్చి ఇవ్వడానికి చేతులున్నాయి, పెళ్ళాం మాట చెప్పడానికి నోరు లేదు.

సరే, పేలేగా మీ బాధ అనుకున్నాను. ఇంటి నుంచి ఈర్పెనా, వేపనూనే తెచ్చుకున్నాను. పనయ్యాక రోజూ కొల్లేటి ఆవిడని వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, చిక్కు తీసి, పాయపాయా ఈర్పెనతో దువ్వేదాన్ని. చేతులు పడిపోయేవి. మొదట్లో బిగుసుకుని కూర్చునేది. తర్వాత తల నాకు అప్పగించేసి కబుర్లు మొదలెట్టింది. కొల్లేట్లో తెల్లారుజామున చేపలు పడ్డ మావులు తీయడం, పిట్టలు లేచినప్పుడు చప్పుడు, అత్తగారు పులుసులో చింతపండు తక్కువ వేస్తుందన్న ఫిర్యాదు. పిల్లాడి గురించి అడిగేది. మీద పడుకోబెట్టుకోవాలనుంది, వాడి తల వాసన మర్చిపోయాను అని ఏడ్చేది. ఆ ఏడుపు మామూలు ఏడుపు. వార్డులో ఏడుపులన్నీ అలా ఉండవు, తేడా తెలిసిపోతుంది.

పేలు పోయాయి. పెద్ద సిస్టరు రోజూ వచ్చి తల వంచి చూసేది, ఒక్కటీ దొరికేది కాదు. మూతి ఇంకా బిగిసేది. నాకు లోపల సంబరం. గెలిచాననే అనుకున్నాను.

ఆదివారం నాకు సెలవు. చర్చిలో పూజకి వెళ్ళి, ఇంట్లో తలంటుకుని పడుకున్నాను. సోమవారం వార్డులోకి అడుగుపెట్టేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. తల మీద జుట్టు లేదు. అడ్డదిడ్డంగా, ఎక్కడికక్కడ మొద్దు కత్తెరతో కోసిన గుర్తులు.

ఆవిడ నవ్వుతోంది. వచ్చినప్పటి నుంచి అంత నవ్వు నేను చూడలేదు.

"ఇచ్చొచ్చావా అమ్మాయ్? నీ చేతికే ఇచ్చి పంపించానన్నారు పెద్ద సిస్టరమ్మగారు. కొవ్వొత్తి వెలిగించావా? కొబ్బరికాయ కొట్టావా? మా బాబు నడిచాడంట! మా ఆయన కబురు చేశాడంట, నాలుగడుగులు వేశాడంట. నేనే కూర్చుని తల వంచాను. నేనే!"

రేపు చెప్తానక్కా అని బయటికి వచ్చేశాను.

పెద్ద సిస్టరు మందుల గదిలో సీసాలు సర్దుతోంది.

"పిల్లాడు నడిచాడని ఎవరు చెప్పారు, సిస్టర్?"

"ఎప్పుడో ఒకప్పుడు నడుస్తాడుగా," అంది, తలెత్తకుండానే.

"జుట్టేది?"

"వంటింటి వెనక గోతిలో. చెత్తతో పాటు కాల్చేశారు. ఎందుకు, దాచుకుంటావా?" అప్పుడు నా వైపు తిరిగింది. "అరిచిందా? కరిచిందా? కట్టెయ్యాల్సొచ్చిందా? లేదు. పిల్లిలాగా కూర్చుంది. నువ్వు ఇన్నాళ్ళు పట్టి చెయ్యలేని పని ఒక్క మాటతో అయిపోయింది. నేర్చుకో. ఇదీ పనంటే."

వినొద్దని నాకు నేర్పిన మనిషి, నేను చెప్పినదంతా ఎంత శ్రద్ధగా వింది! మొక్కూ, కొండా, పిల్లాడి అడుగులూ, ఒక్కటి పోనివ్వకుండా వింది. విని, దాచుకుని, సమయం చూసి వాడుకుంది. చీపురు పుచ్చుకుని ఆ సీసాలన్నీ ఊడ్చెయ్యాలనిపించింది. గోతి దగ్గరికి వెళ్ళాను. బూడిద, కట్లు కట్టిన గుడ్డల ముక్కలు, ఇంకా పోని కమురు కంపు. అంతే.

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా కొండ దగ్గరికి వెళ్ళి, తలనీలాలు తీసే చోట కూర్చున్నాను. క్షురకుడు నా మొహం చూసి, పెద్దవాళ్ళు రాలేదా అమ్మా అన్నాడు. రాలేదు, తియ్యి అన్నాను. నా జుట్టు నడుము దాకా ఉండేది, ఒత్తుగా ఉండేది, మా ఇంట్లో నాకున్న అందం అదొక్కటే. ఇదేదో దయతో చేశానని అనుకోకండి. కోపంతో చేశాను. ఆ కొండకి ఆ పిల్లాడి పేరు మీద ఎవరిదో ఒకరి జుట్టు చేరాలి, ఆ బందరావిడ అబద్ధం అబద్ధంగా మిగిలిపోకూడదు అని. పిల్లాడి పేరు కూడా నాకు తెలియదు. కొల్లేటి పిల్లాడు తల్లీ, వాణ్ణి నడిపించు అన్నాను. అలా అంటూ పళ్ళు నూరుతున్నాను కూడా.

మా అమ్మ నన్ను గుమ్మంలో చూసి నెత్తి బాదుకుంది. పెళ్ళి కావాల్సిన పిల్లవే, నీకేం మొక్కే, నాతో చెప్పకుండా ఎవరి కోసం మొక్కావే అని ఇరుగుపొరుగు పోగయ్యేదాకా ఏడ్చింది.

మర్నాడు మామూలు ముతక చీరలో పటమట వెళ్ళాను. యూనిఫారం అక్కడే ట్రంకు పెట్టెలో ఉంటుంది. గేటు దగ్గర పాత వాచ్‌మన్ లేడు, ఎవడో కొత్తవాడు, వెనక్కి తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయాను. వరండాలో ఉండగా వెనక నుంచి వచ్చి మణికట్టు పైన పట్టుకున్నాడు. సరిగ్గా ఎక్కడ పట్టుకోవాలో అక్కడే. వాడికీ నేర్పినట్టున్నారు.

"బయటికి ఎట్టా వచ్చావమ్మా నువ్వు? పద లోపలికి."

"నేను పేషెంటుని కాదయ్యా, ఇక్కడ పనిచేస్తాను."

"ఆఁ, సర్లే. అందరూ అంతే అంటారు. పద."

గట్టిగా అరిచాను. ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా పట్టుకున్నాడు. గుంజుకుంటే చెయ్యి వెనక్కి విరిచాడు. నా బోడితల, నా అరుపు, ఇంక నేను ఎవరినో వాడికి వేరే చెప్పాలా? ఆడవార్డు గుమ్మంలో పెద్ద సిస్టరు నిలబడి ఉంది. నన్ను చూసింది. తల చూసింది. గుర్తుపట్టింది, అందులో అనుమానం లేదు. పక్కకి జరిగి దారి ఇచ్చింది. వాడు నన్ను లోపలికి తోశాడు. ఆవిడ తాళం వేసింది, వేసిన తలుపుని ఒకసారి లాగి చూసుకుంది.

వెనక్కి తిరిగేసరికి కొల్లేటి ఆవిడ నా ఎదురుగా ఉంది. చెయ్యెత్తి నా తల మీద పెట్టింది. అరచేయి గరుకుగా, వెచ్చగా ఉంది. అలా తడుముతూ తడుముతూ ఆగిపోయింది. మొహంలో ఉన్న ఆ నవ్వు నా కళ్ళముందే పోయింది.

"నాది కొండకి చేరలేదన్నమాట," అంది నెమ్మదిగా.

అరచేయి ఇంకా నా తల మీదే ఉంది.

"నాది చేరితే నీది ఎందుకు ఇస్తావు? అయితే మా బాబు నడవలేదన్నమాట."

అంత మందు, అంత కరెంటు పడ్డ మనిషి ఒక్క చూపుతో లెక్క తేల్చేసింది. కాసేపటికి కటకటాల దగ్గరికి వెళ్ళి, చువ్వలు పట్టుకుని బయటికి చెప్పింది. అరవలేదు, ఎంతో మర్యాదగా చెప్పింది.

"సిస్టరమ్మగారూ, ఈ పిల్ల మీ మనిషేనండీ. పిచ్చి లేదండీ దీనికి. తలుపు తియ్యండి. నేను చెప్తన్నా గదండీ."

వరండాలో తాళాల చప్పుడు దూరంగా వెళ్ళిపోయింది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "మళ్ళీ పెరుగుద్దక్కా. అప్పుడు నేనే నిన్ను కొండకి తీసుకెళ్తాను. నా మాట నమ్ము."

చెయ్యి విడిపించుకుంది. విదిలించలేదు, విడిపించుకుంది.

"నువ్వు మంచిదానివే అమ్మాయ్. కానీ ఆమెకి ఎవరు చెప్పారు, మొక్కు సంగతి? ఇక్కడ నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు." తన తల ఒకసారి తడుముకుంది. "మళ్ళీ పెంచుతాను. ఈసారి ఎవరికీ చెప్పను. నీక్కూడా చెప్పను."

వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం డాక్టరుగారు రౌండుకి వచ్చినప్పుడు తలుపు తీశారు. నన్ను చూసి నవ్వారు కూడా, పొరపాటు జరిగిందమ్మా అని. పెద్ద సిస్టరు పక్కనే నిలబడి, పని నేర్చుకునే బుద్ధి లేదండీ ఈ పిల్లకి అంది. సర్టిఫికెట్టు రాలేదు. నేను అడగనూ లేదు. కొన్నాళ్ళకి మొగుడొచ్చి కొల్లేటి ఆవిడని ఊరికి తీసుకెళ్ళాడని మాత్రం తెలిసింది. ఆ పిల్లాడు నడిచాడో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు.